పాత పిస్టల్‌కి మళ్లీ నలుపు ఎక్కించడం: తీయడం చిటికెలో పని, అసలు పని ఆ తర్వాతే

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇంట్లో పెద్దవాళ్ల నుంచి లైసెన్సుతో సహా సంక్రమించిన ఉక్కు పిస్టల్. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) ముందు అంచుల దగ్గర నలుపు పోయి తెల్లగా మెరుస్తోంది. పిడి ముందువైపు, వేళ్లు ఆనే చోట, గోధుమరంగు తుప్పు చుక్కలు. ఉన్న ఫినిష్ మొత్తం తీసేసి ఇంట్లోనే కొత్తగా నల్లగా చేసుకోవచ్చా? దేనితో తియ్యాలి, దేనితో వెయ్యాలి?

చేసుకోవచ్చండీ. కానీ మీరు ఎక్కువగా ఆలోచిస్తున్న భాగం, అంటే దేనితో తియ్యాలి అన్నది, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చిన్నది. పాత బ్లూయింగ్, అంటే ఉక్కు పైపొరనే నల్ల ఆక్సైడ్‌గా మార్చిన ఫినిష్, వంటింటి వెనిగర్‌కి కూడా అరగంటలోపు వదిలిపోతుంది. వదిలాక కింద బయటపడే ఉక్కుని ఏం చేస్తారన్న దాని మీదే ఫలితం ఆధారపడుతుంది. రంగు తప్పుగా పడితే మళ్లీ తీసి మళ్లీ వెయ్యొచ్చు. గరుకు కాగితంతో రుద్ది అరగదీసిన లోహాన్ని, మాసిపోయిన అక్షరాన్ని, గుండ్రమైపోయిన అంచుని వెనక్కి తెచ్చే మందు లేదు. అందుకే ఈ సమాధానంలో సగానికి పైగా రంగు గురించి ఉండదు.

ముందు ఒక ప్రశ్న మీరే వేసుకోండి: అసలు తియ్యాలా? పాత తుపాకుల విలువ కట్టేవాళ్లు మొదట చూసేది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫినిష్ ఎంత మిగిలిందనే. అరిగిపోయినా ఒరిజినల్ అయితే దానికో గౌరవం ఉంది. ఎంత అందంగా చేసినా రీఫినిష్ అయితే చాలా మోడళ్లలో విలువ పడిపోతుంది. అరుదైన తయారీ, సైన్యం ముద్రలు, చెక్కుడు పని లాంటివి ఏవైనా ఉంటే తెలిసినవాళ్లకి చూపించేదాకా వెనిగర్ సీసా మూత కూడా తియ్యకండి. విలువతో పని లేదు, వాడుకునే ఆయుధం, తుప్పు ఆగాలి, చూడ్డానికి బాగుండాలి అంటే అది వేరే సంగతి.

తుప్పు ఒక్కటే మీ బాధ అయితే మధ్యేమార్గం ఒకటి ఉంది. చాలామందికి తెలియదు గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఎర్ర తుప్పుని డిస్టిల్డ్ వాటర్‌లో మరిగిస్తే అది నల్ల ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఫినిష్‌లో ఉన్న నలుపు కూడా ఆ ఆక్సైడే. భాగాన్ని పూర్తిగా విప్పి, నూనె జిడ్డు లేకుండా కడిగి, పది పదిహేను నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, బయటికి తీసి ఆరాక, పైన పొడిలా లేచిన నలుపుని జిడ్డు తీసిన సన్నటి స్టీల్ వూల్‌తో మెల్లగా తుడిచేయండి. తుప్పు చుక్క నల్లబడి చుట్టూ ఉన్న పాత నలుపులో కలిసిపోతుంది. మిగిలిన ఒరిజినల్ ఫినిష్ అలాగే ఉంటుంది. అంచుల దగ్గర తెల్లగా మెరిసేది మాత్రం దీనితో పోదు, అక్కడ తుప్పే లేదు కదా మారడానికి. మీ పిడి ముందువైపు చుక్కలకి ఇది సరిపోవచ్చు. ముందు ఇది చేసి చూసి, అప్పుడు నిర్ణయించుకోమంటాను.

ఇంకా పూర్తిగా మార్చాల్సిందే అనుకుంటే, మీ చేతిలో ఉన్నది ఏ ఫినిషో తేల్చుకోవాలి. నల్లగా ఉన్నదంతా బ్లూయింగ్ కాదు. మొదట అయస్కాంతం పెట్టండి. ఫ్రేమ్‌కి అంటకపోతే అది అల్యూమినియం కావొచ్చు, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ కూడా కావొచ్చు. అల్యూమినియం మీద ఉన్నది అనోడైజింగ్, అంటే విద్యుత్తుతో పైపొరని ఆక్సైడ్‌గా మార్చడం. దానికి ఉక్కు బ్లూయింగ్ మందులేవీ పని చెయ్యవు. పైగా హాట్ బ్లూయింగ్ తొట్టిలో ఉండే కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. అయస్కాంతం అంటితే ఉక్కే. అప్పుడు గ్రిప్ పలకలు విప్పి, వాటి కింద ఎప్పుడూ వెలుతురు తగలని చోట చూడండి. అక్కడ రంగు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. లోతైన నీలి నలుపు, మెరుపు ఉంటే బ్లూయింగ్. గరుకుగా, బూడిదరంగు లేదా కాస్త ఆకుపచ్చ ఛాయతో, నూనె పీల్చుకున్నట్టు ఉంటే ఫాస్ఫేట్ పూత, అదే పార్కరైజింగ్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి తయారైన ఎం1911ఎ1 పిస్టళ్ల మీద ఉన్నది అలాంటిదే. గోటికి అంచు తగిలేలా పొరగా లేచిపోతుంటే అది పెయింటు గానీ, నికెల్ గానీ. ఈ మధ్య కాలపు పాలిమర్ ఫ్రేమ్ పిస్టల్ స్లైడ్ అయితే చాలావరకు నైట్రైడింగ్ (ఉక్కు పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేసినదై ఉంటుంది. దాని మీద పైనున్న నలుపు అరిగినా కింద గట్టిపడిన పొర అలాగే ఉండి తుప్పుని ఆపుతుంది. అలాంటిదాన్ని గీకడం శుద్ధ దండగ.

రివాల్వర్ ఫ్రేమ్ మీద నీలం, గోధుమ, బూడిదరంగులు మబ్బుల్లా కలిసి కనిపిస్తే అది కేస్ హార్డెనింగ్ రంగు. ఆ ఉక్కుని ఎముకల బొగ్గు, కట్టెబొగ్గుతో కప్పి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే వచ్చిన రంగు అది. ఆమ్లం తగిలితే నిమిషాల్లో మాయమవుతుంది. మళ్లీ తేవాలంటే ఆ కాల్చే పనంతా మొదటి నుంచి చెయ్యాలి, అందులో ఫ్రేమ్ వంకర పోయే ప్రమాదం ఉంది. దాన్ని ముట్టుకోకండి.

నికెల్ పూత గురించి నాలుగు మాటలు. లేచిపోతున్న నికెల్‌కి అతుకు వెయ్యడం కుదరదు, మొత్తం తియ్యాలి. ఆ పని ఎలక్ట్రోప్లేటింగ్ చేసేవాళ్లది. కొన్ని నికెల్ పూతల కింద రాగి పొర ఉంటుంది, అందుకే అమ్మోనియా ఉన్న బోర్ క్లీనర్లు (బ్యారెల్ లోపల శుభ్రం చేసే ద్రావకాలు) నికెల్ తుపాకుల దగ్గరికి రానివ్వరు. సందులోంచి దిగి రాగిని కరిగించి పైపొరని లేపేస్తాయి.

స్టెయిన్‌లెస్ అయితే అసలు ఫినిషే లేదు, ఉన్నది ఉపరితలం మీద గీతల తీరు మాత్రమే. స్కాచ్‌బ్రైట్ లాంటి నైలాన్ ప్యాడ్‌తో, ఉన్న గీతల దిశలోనే నెమ్మదిగా రుద్దితే గాట్లు కలిసిపోతాయి. మామూలు స్టీల్ వూల్ మాత్రం వాడకండి. దాని తునకలు స్టెయిన్‌లెస్‌లో ఇరుక్కుని, కొన్నాళ్లకి అవే తుప్పు పట్టి, స్టెయిన్‌లెస్‌కే తుప్పు పట్టిందని మీరు కంగారు పడతారు.

ఇక మీ పిస్టల్ మామూలు కార్బన్ స్టీల్, బ్లూయింగ్ అని అనుకుని ముందుకి వెళ్తాను.

విప్పేముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. తూటాలన్నీ మీరు పని చేసే గదిలోంచి బయటికి పంపేయండి. ఆ తర్వాత చివరి పిన్ను దాకా విప్పాలి. స్ప్రింగులు, ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం), ఫైరింగ్ పిన్ లాంటివి ఆమ్లంలో పడకూడదు. గట్టి ఉక్కు ఆమ్లంలో నానితే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసెక్కుతుంది. చూడ్డానికి తేడా ఏమీ తెలియదు, ఒక రోజు పుటుక్కున విరుగుతుంది. గురి చూసే సైట్లలో ట్రిటియం గొట్టాలు (చీకట్లో వెలిగేవి) ఉంటే వాటినీ తీసెయ్యాలి. రివాల్వర్ అయితే పక్క పలకని స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొద్దు. స్క్రూలు తీసి, ఫ్రేమ్‌ని చెక్క పిడితో చిన్నగా తడితే అదే పైకి లేస్తుంది.

చేతికి నైట్రైల్ గ్లౌజులు మర్చిపోకండి. పాత తుపాకీ సందుల్లో ఉన్న మసిలో సీసం ఉంటుంది. దాన్ని కడిగిన గిన్నె మళ్లీ వంటకి పనికిరాదు. ఈ పనికి పెట్టిన పాత్రలు ఇక ఈ పనికే.

తీయడం గురించి. ముందు అసిటోన్‌తో గానీ, డిటర్జెంట్ వేడినీళ్లతో గానీ జిడ్డు పూర్తిగా పోవాలి. జిడ్డున్న చోట ఆమ్లం పట్టక మచ్చలు మచ్చలుగా వదులుతుంది. తర్వాత తెల్ల వెనిగర్‌లో ముంచండి, లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు తీసే జెల్ రాయండి. పక్కనే ఉండి చూస్తూ ఉండాలి. నలుపు బూడిదరంగుగా మారి, వేలితో తుడిస్తే వచ్చేస్తోందంటే చాలు. రాత్రంతా నానబెట్టి పొద్దున చూద్దామనుకుంటే వెనిగర్ ఉక్కునే తినడం మొదలుపెడుతుంది, ఉపరితలం చెక్కినట్టు గరుకవుతుంది. తీసిన వెంటనే వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, నూనె రాసెయ్యండి. ఈ వరుసలో ఐదు నిమిషాలు ఆగినా నారింజ రంగు పొర వచ్చేస్తుంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడమని ఎవరైనా చెబితే వినకండి. అది నలుపు తీస్తుంది, నిజమే. దాని ఆవిరి అదే గదిలో ఉన్న మిగతా పనిముట్లన్నిటికీ తుప్పు పట్టిస్తుంది, మీ ఊపిరితిత్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు. డ్రిల్‌కి బిగించే వైర్ బ్రష్ కూడా వద్దు. అది తుప్పుతో పాటు అక్షరాల అంచులనీ లాక్కుపోతుంది.

ఇప్పుడు అసలు పని. నలుపు పోయిన ఉక్కు మీద ఇన్నాళ్లూ కనపడనివన్నీ కనపడతాయి: గీతలు, చిన్న గుంటలు, ఎవరో ఎప్పుడో ఆకురాయి పెట్టిన ఆనవాళ్లు. రంగు వీటిని కప్పుతుందనుకుంటే పొరపాటు. బ్లూయింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లు, అంతే. పెయింటులా పైన కూర్చునేది కాదు, ఉక్కు పైపొరే ఆక్సైడ్‌గా మారడం. కింద ఏముందో పైన అదే, ఇంకా స్పష్టంగా కనపడుతుంది. కొత్తగా బ్లూ చేసిన తుపాకీ చూసి రంగు బాగోలేదని మీకు అనిపించిందంటే, పదింట తొమ్మిదిసార్లు బాగోనిది పాలిష్.

చదునైన పక్కలకి వాటర్ పేపర్‌ని ఎప్పుడూ గట్టి చదునైన దిమ్మకి చుట్టి రుద్దాలి. వేలితో నొక్కి రుద్దితే వేలు పడినచోటల్లా పల్లం పడుతుంది, స్క్రూ రంధ్రాల చుట్టూ సాసర్‌లా దిగిపోతుంది. గుంటలు ఎక్కువ ఉంటే 220 నంబరు కాగితం, లేకపోతే 320 నుంచి మొదలుపెట్టి 400 దాకా రండి. కాగితం మార్చినప్పుడల్లా దిశని కాస్త ఏటవాలుగా మార్చి, ముందు కాగితం గీత ఒక్కటి కూడా మిగలనంతవరకు ఆపొద్దు. ఆఖరి కాగితం మాత్రం స్లైడ్ పొడవునా, ఒకే దిశలో. మధ్యమధ్యలో స్లైడ్‌ని ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్లి, ఆ వెలుగు గీత చదును మీద ప్రతిబింబించేలా పట్టుకుని మెల్లగా తిప్పండి. చదును నిజంగా చదునైతే గీత తిన్నగా జారుతుంది. పల్లం ఉన్నచోట గీత వంకర తిరుగుతుంది. అంచుకి దగ్గరవుతున్నకొద్దీ గీత పక్కకి జారిపోతే మీరు అంచుని గుండ్రం చేస్తున్నారన్నమాట. చేత్తో తడిమితే తెలియని తేడాని ఈ వెలుగు పట్టిస్తుంది.

రంధ్రాల దగ్గర ఒక చిట్కా. రంధ్రంలో సరిపోయే పిన్ను గానీ పాత స్క్రూ గానీ చదునుకి సమంగా బిగించి, దానితో కలిపి రుద్దండి. రివాల్వర్ పక్క పలకని కూడా ఫ్రేమ్‌కి బిగించే పాలిష్ చెయ్యాలి. విడిగా చేస్తే రెండింటి అంచులూ విడివిడిగా గుండ్రమై, బిగించాక మధ్యలో కాలువలా గీత కనపడుతుంది. ఫ్యాక్టరీలో ఆ గీత వెతికితే గానీ దొరకదు.

బఫింగ్ చక్రం జోలికి మొదటిసారి వెళ్లకండి. మెరుపు రెండు నిమిషాల్లో వస్తుంది, ఆ రెండు నిమిషాల్లోనే అంచులు కరిగిన సబ్బులా అయిపోతాయి. పైగా రస్ట్ బ్లూయింగ్‌కి (కావాలని తుప్పు పట్టించి నల్లగా మార్చే పద్ధతి, కింద చెప్తాను) అద్దంలాంటి మెరుపు అక్కర్లేదు. మరీ నునుపైన ఉక్కు మీద మందు సరిగ్గా పట్టదు కూడా.

ముట్టుకోకూడని చోట్లు: స్లైడ్, ఫ్రేమ్ ఒకదాని మీద ఒకటి జారే గాడులు, బ్రీచ్ ముఖం (తూటా వెనకభాగం ఆనే చోటు), చాంబర్, ఫీడ్ ర్యాంప్ (తూటా చాంబర్‌లోకి ఎక్కే వాలు), బ్యారెల్ మూతి అంచు, ట్రిగ్గర్‌కి హ్యామర్‌కి మధ్య పట్టు ఉండే కొనలు. ఇక్కడ అరగడమంటే అందం పోవడం కాదు, తుపాకీ పనితీరూ భద్రతా పోవడం. గుంట లోతుగా ఉంటే దాని అడుగు దాకా అరగదీయాలన్న మొండితనం కూడా వద్దు. రివాల్వర్ సిలిండర్‌కి బయట గాట్లుంటాయి చూశారా, కొన్ని మోడళ్లలో ఆ గాటు అడుగుకీ చాంబర్‌కీ మధ్య మిగిలే లోహం చాలా పలచన. అలాంటి భాగాల మీద గుంట ఉంటే ఉండనివ్వండి. గుంటలు బ్యారెల్ మీదో సిలిండర్ మీదో లోతుగా కనపడితే, రంగు సంగతి తర్వాత, ముందు అది కాల్చడానికి పనికొస్తుందో లేదో తుపాకుల మెకానిక్‌తో చూపించుకోండి.

సీరియల్ నంబరు గురించి విడిగా చెప్పాలి. దాని మీద కాగితం ఆడించకండి. దాని చుట్టూ టేపు వేసి, ఆ చోటుని స్టీల్ వూల్‌తో శుభ్రం చేసి వదిలెయ్యండి, మిగతాదానికన్నా కొద్దిగా తేడాగా కనపడినా సరే. నంబరు చెరిపినా, మార్చినా చాలా దేశాల్లో అది తీవ్రమైన నేరం. పాలిష్ చేస్తుంటే అరిగిపోయిందన్న సాకు ఎవరూ వినరు. కంపెనీ ముద్రలు చట్టరీత్యా అంత ముఖ్యం కాకపోవచ్చు గానీ, పైకి లేచిన ముద్ర అంచుని ముందే చూసుకోండి. ముద్ర కొట్టినప్పుడు చుట్టూ లోహం కాస్త ఉబ్బుతుంది, ఆ ఉబ్బుని అరగదీస్తే అక్షరం లోతు కూడా దానితో పాటే తగ్గుతుంది.

రంగు వేసే దారులు నాలుగైదు ఉన్నాయి. ఇంట్లో చెయ్యదగ్గది నా లెక్కలో ఒక్కటే.

కోల్డ్ బ్లూ అందరూ మొదట కొనేది. సీసాలోంచి దూదితో రాస్తే క్షణాల్లో నల్లబడుతుంది. అందులో ఉండేది సెలీనియం సమ్మేళనం, మైలుతుత్తం, ఆమ్లం. అది ఐరన్ ఆక్సైడ్ కాదు, ఉక్కు మీద పేరుకున్న రాగి, సెలీనియం పొర. అందుకే ఒరలో పెట్టి తీస్తుంటే త్వరగా అరిగిపోతుంది, తుప్పునీ పెద్దగా ఆపదు. స్క్రూ తలకి, ఒక గీతకి, మీ స్లైడ్ అంచుల్లాంటి సన్నటి చోట్లకి అద్దడానికి బాగుంటుంది. మొత్తం పిస్టల్‌కి వేస్తే మబ్బులు మబ్బులుగా వస్తుంది, ఎవరు చేసినా అంతే. సీసా మీద బొమ్మ చూసి ఆశపడకండి. వాడేటప్పుడు గ్లౌజులు, తెరిచిన కిటికీ తప్పనిసరి, సెలీనియం విషమే. లోహాన్ని హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చచేసి రాస్తే రంగు ముదురుగా పడుతుంది.

హాట్ బ్లూయింగ్ ఇప్పటి ఫ్యాక్టరీల పద్ధతి. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాల ద్రావణం సుమారు 135 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య మరుగుతుంటుంది, అందులో భాగాన్ని అరగంట ముంచుతారు. నలుపు అద్భుతంగా వస్తుంది. ఇంట్లో మాత్రం వద్దు. ఆ వేడిలో చుక్క నీళ్లు పడితే ఆవిరై పేలినట్టు చిమ్ముతుంది, చిమ్మేది మరుగుతున్న కాస్టిక్. రెండువైపులా మూసుకుపోయిన రంధ్రంలో గాలో నూనో చిక్కుకున్నా అదే గతి. దానికి సరైన తొట్లు, ముఖానికి కవచం, గాలి లాగే ఏర్పాటు ఉన్నవాళ్లకే ఇవ్వండి. ఇచ్చేముందు ఒక మాట: ఆ షాపుకి ఆయుధాలు తీసుకునే లైసెన్సు ఉందో లేదో అడగండి, రసీదు తీసుకోండి. పాలిష్ మీరే చేసి ఇస్తానంటే చాలామంది ఒప్పుకుంటారు. నిజం చెప్పాలంటే మీకు అదే మంచి బేరం, ఎందుకంటే మీ పిస్టల్ మీద మీకున్నంత ఓపిక వాళ్ల పాలిష్ కుర్రాడికి ఉండదు.

పార్కరైజింగ్‌కి ఇసుకతో బ్లాస్టింగ్ చేసే యంత్రం, మాంగనీస్ లేదా జింక్ ఫాస్ఫేట్ ద్రావణం, స్టెయిన్‌లెస్ తొట్టి కావాలి. మెరుపు లేని, నూనెని బాగా పట్టి ఉంచే గట్టి పూత. గుంటలున్న లోహానికి మిగతావాటికన్నా బాగా నప్పుతుంది. సెరకోట్ లాంటి సిరామిక్ పూతలు ఇంకా గట్టివి, అల్యూమినియం మీదా ఉక్కు మీదా పడతాయి, ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి గట్టిపరుస్తారు. చిక్కు ఏమిటంటే ఇది నిజంగానే పైన కూర్చునే పొర, సుమారు 25 మైక్రాన్లు. జారే గాడుల్లో పడితే స్లైడ్ బిగుసుకుంటుంది. పైగా పాత కాలపు పిస్టల్‌కి ఆ పూత చూస్తే నాకు మనసొప్పదు. అది నా అభిరుచి, మీది వేరు కావొచ్చు.

మిగిలింది రస్ట్ బ్లూయింగ్. హాట్ బ్లూ రాకముందు చాలా మంచి తుపాకులకి చేసింది ఇదే. పాత నలుపు మెత్తగా, పట్టులా కనపడేది దీనివల్లే. మొదట చెప్పిన మరిగించే చిట్కా కూడా ఇందులో ముక్కే: కావాలని పలచగా తుప్పు పట్టించడం, మరిగించి నల్లగా మార్చడం, పైపొడి తుడవడం, మళ్లీ మొదలు.

మందు తయారుగా దొరికేదే కొనండి. ఆమ్లాలతో ఇనప రజను కరిగించే పాత సూత్రాలు వెతికి కలపొద్దు. బ్యారెల్ రెండు కొసల్లో గట్టిగా సరిపోయే చెక్క బిరడాలు కొట్టండి, లోపల వార్నిష్ పలచగా పూసి ఆరనివ్వండి. బయటి కొసలు చేతితో పట్టుకోడానికి పొడుగ్గా వదలండి, ఎందుకంటే ఇక నుంచి లోహాన్ని వేలితో తాకకూడదు. జిడ్డు తీశాక నీళ్లు పోసి చూడండి. నీళ్లు పలచటి పొరలా అంతటా నిలిస్తే శుభ్రమైనట్టు, ఎక్కడైనా చీలి చుక్కలుగా ముడుచుకుంటే అక్కడ జిడ్డు ఇంకా ఉన్నట్టు. ఈ పరీక్ష తప్పినవాళ్లు తర్వాత మచ్చలు ఎందుకొచ్చాయని తలపట్టుకుంటారు.

దూదిని మందులో ముంచి, దాదాపు పొడిగా అయ్యేదాకా పిండి, పొడవునా ఒక్కో గీతగా రాయండి. రాసినచోట మళ్లీ వెనక్కి రుద్దొద్దు, కారకూడదు. ఎక్కువ తడి అంటే రాగిలా ఎర్రటి మచ్చలు. వెచ్చగా, తేమగా ఉండే పెట్టెలో వేలాడదియ్యండి. చెక్కపెట్టె అడుగున వేడినీళ్ల గిన్నె పెట్టినా సరిపోతుంది. నీటి చుక్కలు మాత్రం లోహం మీద కట్టకూడదు, కడితే అక్కడ గుంట పడుతుంది. మందునిబట్టి, గాలిలో తేమనిబట్టి మూడు గంటల నుంచి రాత్రంతా పడుతుంది. ఉపరితలమంతా సన్నటి నారింజ రంగు నూగు సమంగా వచ్చిందంటే సరైన తుప్పు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో పది నిమిషాలు మరిగించండి. కుళాయి నీళ్లలో ఉండే క్లోరిన్, ఖనిజాలు చారలు మిగులుస్తాయి, ఇక్కడ పొదుపు వద్దు. నీళ్లలో ఉండగానే నారింజ నూగు మీ కళ్లముందే నల్ల మఖమల్‌లా మారిపోతుంది. ఈ పనిలో ఇంతకన్నా ముచ్చటైన ఘట్టం లేదు.

బయటికి తీశాక వేడికి దానంతటదే ఆరుతుంది. అసిటోన్‌తో కడిగిన 0000 నంబరు స్టీల్ వూల్‌తో, అసలు నొక్కకుండా, ఆ నల్ల నూగుని తుడిచెయ్యండి. కొత్త స్టీల్ వూల్‌కి తయారీలోనే నూనె ఉంటుంది, కడగకపోతే ఇంతసేపు పడ్డ శ్రమ ఆ నూనెలో కలుస్తుంది. మొదటిసారి కింద బూడిదరంగు మాత్రమే కనపడుతుంది. నిరాశ పడొద్దు, అలాగే ఉండాలి. రెండో మూడోసారికి ముదురుతుంది. నాలుగు నుంచి ఎనిమిది సార్లలో ఇక మారడం ఆగిపోతుంది, అక్కడ ఆపండి. ఉక్కు రకాన్నిబట్టి స్లైడ్ ఒక ఛాయలో, ఫ్రేమ్ ఇంకో ఛాయలో ఆగొచ్చు. రెండూ వేర్వేరు ఉక్కులైతే ఎవరూ చేసేది ఏమీ లేదు.

చిన్న స్క్రూలు, పిన్నుల తలలకి కావాలంటే వేడి నీలం వేసుకోవచ్చు. మెరుగుపెట్టిన స్క్రూని ఇత్తడి రజను పోసిన పళ్లెంలో నిలబెట్టి కింద నుంచి వేడి చేస్తే, గడ్డి రంగు, ఊదా దాటి సుమారు 300 డిగ్రీల దగ్గర నెమలికంఠం నీలం వస్తుంది. వచ్చిన వెంటనే నూనెలో వెయ్యండి. స్లైడ్‌కి, ఫ్రేమ్‌కి, సియర్‌కి (ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌ని పట్టి ఉంచే ముక్క), స్ప్రింగుకి, ఎక్స్‌ట్రాక్టర్‌కి ఇది ఎప్పుడూ చెయ్యకూడదు. ఆ వేడికి వాటి గట్టిదనం దిగిపోతుంది.

రంగు ముగిశాక చేసే పని చాలామంది వదిలేస్తారు, వారం తర్వాత సందుల్లోంచి ఎర్రగా కారుతోందని మళ్లీ అడుగుతారు. మందులో ఆమ్లం సందుల్లో, అక్షరాల గాడుల్లో మిగిలే ఉంటుంది. చివరిసారి తుడిచాక వంటసోడా వేసిన నీళ్లలో ఒకసారి మరిగించి, తర్వాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించి, వేడిగా ఉండగానే నూనెలో ముంచెయ్యండి. ఒక రాత్రి అందులోనే ఉండనివ్వండి. బిరడాలు తీసి బ్యారెల్ లోపలి వార్నిష్‌ని తగిన ద్రావకంతో పూర్తిగా కడిగి, బ్యారెల్ ఆ కొస నుంచి ఈ కొసకి వెలుతురు పట్టి చూడండి. అందులో ఏదీ అడ్డం ఉండకూడదు.

బిగించాక ఖాళీ తుపాకీతో స్లైడ్ కదలిక, సేఫ్టీ, ట్రిగ్గర్, స్లైడ్ స్టాప్ అన్నీ ఒక్కొక్కటే పరీక్షించండి. ఏది బిగుసుకున్నా, ఏది తేడాగా పడినా కాల్చేముందు మెకానిక్‌కి చూపించండి. మొదటి నెల వారానికోసారి గ్రిప్ పలకలు తీసి వాటి కింద, సైట్ల మొదట్లో చూస్తుండండి. ఎర్రటి చుక్క కనపడితే నూనె తడిపిన గుడ్డతో తుడిస్తే పోతుంది, మళ్లీ మళ్లీ అదే చోట వస్తుంటే ఆ భాగాన్ని విప్పి సోడా నీళ్లలో ఇంకోసారి మరిగించండి. చేతి చెమట ఎక్కువగా తుప్పు పట్టించేవాళ్లు కొందరుంటారు. మీ పిడి ముందువైపు చుక్కలు చూస్తే మీ ఇంట్లో ఎవరో ఒకరు ఆ రకమే అనిపిస్తోంది. వాళ్లు పట్టుకున్న ప్రతిసారీ తుడిచి పెట్టాల్సిందే. తోలు ఒరలో పెట్టి బీరువాలో దాచడం మానెయ్యండి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తోలుని పదును చెయ్యడానికి వాడిన రసాయనాలు నలుపుని నెమ్మదిగా తింటాయి. మీ స్లైడ్ ముందు అంచులు అలా తెల్లబడటానికి సగం కారణం ఆ ఒరే అయ్యుంటుంది.